వేరే రాష్ట్రంల ఓవర్‌స్పీడ్ చలాన్ పడితే ఏం చెయ్యాలె?

హన్మకొండ నుంచి కార్ల నాగ్‌పూర్ పోయొచ్చినంక మహారాష్ట్ర చలాన్ మెసేజ్ వచ్చిందన్నరు కదా అన్నా, అది మన తెలంగాణ చలాన్ సైట్ల కనవడది, మెసేజ్‌ల లింక్ మాత్రం అస్సలు నొక్కకుండ్రి, ఏపీకే ఫైల్ (ఫోన్ల యాప్ ఎక్కించే ఫైల్) పంపి అకౌంట్ ఊడ్చేటోళ్లు మస్తుగున్నరు. మహారాష్ట్ర ట్రాఫిక్ చలాన్ సైటే మీరు సొంతంగ ఓపెన్ చేసి, బండి నంబరు, ఛాసిస్ నంబర్ల ఆఖరి 4 అంకెలు కొట్టుండ్రి. ఫొటోల బండి మీదేనా సూడుండ్రి, నాకోసారి ఎవనిదో తెల్ల స్విఫ్ట్‌ది పడ్డది, నంబర్ల 3ని 8 అనుకున్నరు, ఫొటో పెట్టి కంప్లైంట్ ఇస్తే తీసేసిన్రు. మీదే అయితే మోటారు వాహనాల చట్టం 183 సెక్షన్ కింద కారుకు 1000 నుంచి 2000, ఆన్‌లైన్ల కట్టేసి రసీదు దాసుకోండ్రి, ఆడిదాంక పోవుడు అక్కర్లేదు. ఇడిసిపెడితే కోర్టుకు పోతది.