పాత ఎక్సెల్‌కు బోరు చేయించాలా, కొత్తది కొనాలా?

ప్రశ్న: రోజూ పాల క్యాన్లతో 40 కిలోమీటర్లు తిరుగుతాను. 2009లో కొన్న టీవీఎస్ ఎక్సెల్ సూపర్ మోపెడ్ ఇంజను సిలిండరు అరిగి బోరుకు వచ్చింది. మెకానిక్ 9,000 అవుతుందంటున్నాడు. లీటరుకు 40 కిలోమీటర్లు కూడా కష్టంగా ఇస్తోంది. కొత్త ఎక్సెల్ 100 అన్ని ఖర్చులతో 65,000 అని షోరూంలో చెప్పారు. 15,000 కడితే మిగతా 50,000కు 10 శాతం వడ్డీతో 24 నెలలు, నెలకు 2,500 కట్టాలట. బ్యాంకులో 40,000 ఉన్నాయి. 17 ఏళ్ల మా అబ్బాయి మాత్రం, తను కూడా నడుపుకోవచ్చని, 95,000 పెట్టి స్కూటరే కొనమంటున్నాడు.

జవాబు: బోరు చేయించవద్దు. మీది టూ స్ట్రోక్ ఇంజను; అందులో లోపలికి వచ్చే పెట్రోలులో కొంత మండకుండానే పొగగొట్టం గుండా బయటికి పోతుంది కనుక, బోరు చేయించినా ఆ నష్టం తప్పదు. ఎక్సెల్ 100 ఫోర్ స్ట్రోక్ బండి. క్యాన్ల బరువుతో లీటరుకు 60 కిలోమీటర్లే ఇస్తుందనుకున్నా, పెట్రోలు లీటరు 110 రూపాయల లెక్కన, టూ స్ట్రోక్ బండికి పెట్రోలులో కలిపే 2టి ఆయిల్ ఖర్చు కూడా కలుపుకుంటే రోజుకు 40 రూపాయలు, నెలకు 1,200 మిగులుతాయి. పైగా 2009 బండికి 15 ఏళ్లు 2024లోనే నిండాయి. రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకున్నట్లు మీరు రాయలేదు. చేయించుకోకపోతే ఆ బండి మీద ఇక ఒక్క రూపాయి కూడా పెట్టకండి.

స్కూటరు ఆలోచన మానుకోండి. క్యాన్లు కట్టుకోవడానికి మోపెడ్‌కు ఉన్న వీలు దానికి లేదు. 1972లో పుణె నుంచి లూనా, 1980లో హోసూరు నుంచి టీవీఎస్ 50 వచ్చిన నాటి నుంచి మోపెడ్ మన ఊళ్లలో సరుకు మోస్తూనే ఉంది. ఇతర కంపెనీల పెట్రోలు మోపెడ్లు ఒక్కొక్కటిగా ఆగిపోయి దాదాపు ఎక్సెల్ ఒక్కటే మిగలడం వల్ల విడిభాగాలు చిన్న ఊళ్లోనైనా దొరుకుతాయి గానీ, అదే కారణంగా షోరూంవారు ధర తగ్గించరు. కాబట్టి 65,000లో ఏ పద్దు కింద ఎంత ఉందో రాయించి తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఈ బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పాత ధర చెప్పడం లేదని నిర్ధారించుకోండి. 2024లో వచ్చిన ఎలక్ట్రిక్ లూనాను కూడా చూడవచ్చు, అయితే మీ ఊళ్లోనే సర్వీసు ఉంటేనే. తెల్లవారుజామున బండి ఆగితే పాలు విరిగిపోతాయి.

ఇక అప్పు సంగతి. వారు చెప్పిన 10 శాతం ఫ్లాట్ రేటు. నెలనెలా అసలు తీరుతున్నా చివరి నెల వరకు 50,000 మీదే వడ్డీ వేస్తారు. మీరు కట్టేది మొత్తం 60,000. తగ్గుతున్న బాకీ మీద లెక్కిస్తే అది ఏడాదికి సుమారు 18 శాతం వడ్డీ. పొదుపు ఖాతాలో మూడు శాతానికి అటూ ఇటూ వడ్డీకి డబ్బు ఉంచుకుని, 18 శాతానికి అప్పు తేవడం నాకు ఎప్పుడూ అర్థం కాని అలవాటు. 10,000 అత్యవసరానికి ఉంచుకుని 30,000 చేతి నుంచి పెట్టండి. మిగిలిన 35,000కు అదే రేటున 18 నెలల వాయిదా అడిగితే నెలకు 2,236 పడుతుంది, వడ్డీ 10,000కు బదులు 5,250తో సరిపోతుంది. వాయిదాలో సగానికి పైగా మిగిలిన పెట్రోలు డబ్బే కడుతుంది.

అబ్బాయి విషయంలో మాత్రం మొహమాటపడకండి. 16 ఏళ్లకు లైసెన్సు ఇచ్చేది 50 సీసీ లోపు బండ్లకే. ఎక్సెల్ 100 ఇంజను 99.7 సీసీ. మైనరు నడుపుతూ పట్టుబడితే మోటారు వాహనాల చట్టం 199ఎ సెక్షను కింద తండ్రికి 25,000 జరిమానా, మూడేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ బాధితునికి చెల్లించిన సొమ్మును మీ నుంచి వసూలు చేయగలదు. బీమాతో పాటు 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా కూడా తీసుకోండి, దానికి మీ లైసెన్సు చెల్లుబాటులో ఉండాలి.

పాత బండిని ఎవరికి అమ్మినా ఆర్సీలో పేరు మార్పించే వరకు వదలకండి. లేకపోతే రేపు అది ఎవరినైనా గుద్దినప్పుడు నోటీసు మీ ఇంటికే వస్తుంది.