మీ ప్రశ్న – మా జవాబు: హార్లెం పత్రికలో బందరు బట్ట

ప్రశ్న: నెదర్లాండ్స్‌లోని హార్లెం ఊరి ప్రాంతీయ పత్రిక 1656 నుంచి ఆగకుండా వస్తోందంటారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: సగం నిజం. ఆ సగం చాలా గట్టిది. 1656 జనవరిలో అబ్రహం కాస్తెలైన్ అనే ముద్రాపకుడు హార్లెంలో ఒక వార్తాపత్రిక మొదలుపెట్టాడు. మొదట అది వారపత్రిక. కొన్నాళ్లకు మంగళ, గురు, శనివారాల్లో రావడం మొదలైంది. పేరులో ‘ఓప్రెఖ్తె’ అన్న మాట కూడా చేరింది. ‘అసలైనది’ అని దాని అర్థం. మన వన్‌టౌన్ దుకాణాల బోర్డుల మీద ‘మాకు ఎక్కడా బ్రాంచీలు లేవు’ అని ఎందుకు రాస్తారో ఇదీ అందుకే. పేరున్న సరుక్కి నకళ్లు పుడతాయి. కాస్తెలైన్ 1681లో పోయాక భార్య మార్గరేతా వాన్ బాంకెన్ పత్రికను నడిపింది. 1737లో ఎన్స్‌ఖెడే కుటుంబం దాన్ని కొన్నది.

తిరకాసు ఇక్కడే ఉంది. ఇప్పుడు ఇళ్లకు వచ్చే ‘హార్లెమ్స్ దాగ్‌బ్లాద్’ 1883లో పుట్టిన వేరే దినపత్రిక. 1942లో జర్మన్ ఆక్రమణ కింద ఈ రెంటినీ బలవంతంగా కలిపేశారు. అలా పాత పత్రిక వయసు కొత్తదానికి దక్కింది. వంశం తెగలేదనే వాళ్లకు 1656 సరైన లెక్కే. మా మటుకు, ఆ కలయిక సంగతి చెప్పకుండా ‘ప్రపంచంలోనే పాతది’ అని రాయడం ఒప్పుకోం. స్వీడన్ ప్రభుత్వ గెజిట్టు 1645 నాటిది, అదీ ఇంకా ఉంది. కాకపోతే 2007 నుంచి ఇంటర్నెట్‌లో మాత్రమే వస్తోంది. ఈ పేచీలేమీ వద్దనుకుంటే నెదర్లాండ్స్ ఉత్తరాన ఉన్న ఫ్రీస్‌లాండ్ రాష్ట్రానికి వెళ్లండి. అక్కడ 1752 జూలై 29న అబ్రహం ఫెర్వెర్దా మొదలుపెట్టిన ‘లేవార్దెర్ కూరాంత్’ ఇవాళ్టికీ ఆ పేరుతోనే వస్తోంది.

ప్రశ్న: అంత చిన్న ఊరికి వార్తలెలా చేరేవి? చేతి ప్రెస్సు మీద ఎన్ని కాపీలు తీసేవారు?
– ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: వార్తలు కాలువ మీద వచ్చేవి. ఆమ్‌స్టర్‌డామ్‌కూ హార్లెంకూ మధ్య 1630ల మొదట్లో తిన్నగా ఒక కాలువ తవ్వారు. గట్టు మీద గుర్రం తాడు కట్టి పడవను లాగేది. మన బందరు కాలువ మీద మనుషులు లాగిన పడవల్ని చూసిన పెద్దవాళ్లకు ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. ప్రయాణం సుమారు రెండు గంటలు. ఓడరేవు కబుర్లు అదే రోజు చేతికందేవి.

కొయ్య ప్రెస్సు మీద ఇద్దరు మనుషులు, ఒకరు సిరా అద్దడానికి, ఒకరు మీట లాగడానికి, బాగా నడిస్తే గంటకు 250 అచ్చులు తీస్తారు. కాగితానికి రెండు వైపులా అచ్చు పడాలి కాబట్టి 1,000 కాపీలకు 2,000 లాగుళ్లు. అంటే ఒక ప్రెస్సుకు ఎనిమిది గంటల పని. కాగితాన్ని ముందు రాత్రే తడిపి ఉంచాలి. పొడి కాగితం సిరా సరిగ్గా పట్టదు, అక్షరం గీతలు గీతలుగా పడుతుంది. తడి ఎక్కువైతే సిరా అలుక్కుపోతుంది.

ప్రశ్న: బందరులో వలందపాలెం పేరే డచ్చివారి గుర్తు కదా. ఆ పాత పత్రికల్లో మన ఊళ్ల ప్రస్తావన వెతకడం ఎలా?
– ఒక ఉపాధ్యాయుడు, గాంధీనగర్, విజయవాడ

జవాబు: హేగ్‌లోని జాతీయ గ్రంథాలయం నడిపే ‘డెల్ఫర్’ సైటులో పాత పత్రికల పుటలు ఉచితంగా చూడొచ్చు. అందులో పత్రికల విభాగం ‘క్రాంతెన్’. దాన్ని ఎంచుకుని, ముందు సంవత్సరాల హద్దు పెట్టండి, 1656 నుంచి 1700 దాకా అనుకోండి. ఆ తర్వాతే మాట కొట్టండి. హద్దు పెట్టకపోతే 20వ శతాబ్దపు పుటలు వచ్చి మీద పడతాయి.

ఊరి పేరుతో కాదు, సరుకు పేరుతో మొదలెట్టండి. తూర్పు నుంచి తిరిగొచ్చిన ఓడల్లోని సరుకుల జాబితాను ఈ పత్రికలు అచ్చేసేవి. కోరమాండల్ బట్ట అందులో రకం పేరుతోనే కనిపిస్తుంది: సాలెంపూరీ, గింగాం, అద్దకం బట్టకు ‘చిట్సెన్’. ‘స్టుక్స్’ అని ఉంటే ఇన్ని తానులని అర్థం. మన ఊకారం చోట డచ్చివారు ఓ-ఇ అక్షరాలు జంటగా రాస్తారు. కాబట్టి సాలెంపూరీలో ‘పూ’ను పి-ఓ-ఇ అని కొట్టాలి. ‘మసూలిపట్నం’లో ఎస్ బదులు జెడ్, చివర ‘పట్నం’ బదులు ‘పటం’ పెట్టి కూడా వెతకండి. దేనికదే విడిగా వెతకాలి.

చాలామంది విసిగి వదిలేసేది ఒకచోట ఉంది. పాత అచ్చులో మాట మధ్యలో వచ్చే ఎస్ పొడుగ్గా, ఎఫ్ లాగా ఉంటుంది. యంత్రం దాన్ని ఎఫ్ అనే చదువుతుంది. అందుకని ఎస్ ఉన్న చోట ఎఫ్ పెట్టి మళ్లీ వెతకాలి. 17వ శతాబ్దపు పత్రికల్ని స్వచ్ఛంద కార్యకర్తలు చేత్తో తిరిగి టైపు చేశారు గనుక అక్కడ ఈ బాధ తక్కువ. 18వ శతాబ్దంలోకి వచ్చేసరికి ఎక్కువ.

ఏదైనా దొరికితే బొమ్మతో పాటు పత్రిక పేరు, తేదీ, పుట రాసుకోండి. ఆ తేదీ హార్లెంలో అచ్చయిన రోజుది, బందరులో జరిగిన రోజుది కాదు. తూర్పున డచ్చివారి ముఖ్య కేంద్రమైన బతావియా (ఇప్పటి జకార్తా) నుంచి ఓడ ప్రయాణమే ఆరు నుంచి ఎనిమిది నెలలు. బందరు సరుకు బతావియా చేరడానికి పట్టే కాలం దానికి అదనం. కనుక 1680 నాటి సంగతి కావాలంటే 1681, 1682 సంచికలు తిరగెయ్యండి.