ఎ, బి దంపతులకు ఓ నెగెటివ్ బిడ్డ పుట్టొచ్చా?

ప్రశ్న: మాది కావలి. నాది బి పాజిటివ్, మావారిది ఎ పాజిటివ్. స్కూల్లో పెట్టిన క్యాంపులో మా ఆరేళ్ల పాపకు ఓ నెగెటివ్ అని రాసిచ్చారు. "మా వంశంలో లేని రక్తం ఎక్కణ్ణుంచి వచ్చింది?" అని అత్తమ్మ రోజూ దెప్పుతోంది. మావారు అవుననరు, కాదనరు. ఏం చేయను?

జవాబు: అమ్మా, మీ దంపతులకు ఓ నెగెటివ్ బిడ్డ నిక్షేపంగా పుట్టొచ్చు. గ్రూపును నిర్ణయించే జన్యువులు ప్రతి మనిషిలో రెండు, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. ఎ పక్కన ఓ ఉన్నా పరీక్షలో ఎ అనే వస్తుంది. బి పక్కన ఉన్నా అంతే. మీవారిలో అలా దాగిన ఓ, మీలో దాగిన ఓ రెండూ పాపకు చేరితే ఆమె గ్రూపు ఓ. నెగెటివ్ కూడా పాజిటివ్ చాటున ఇలాగే ఉండిపోతుంది. ఇవన్నీ దాగి ఉన్న జంటకు ఓ గ్రూపు బిడ్డ పుట్టే అవకాశం నాలుగింట ఒకటి, నెగెటివ్ నాలుగింట ఒకటి, రెండూ కలిసి రావడం 16లో ఒకటి. మీవారిలోని ఆ ఓ జన్యువు అత్తమ్మ ఇచ్చిందో మామగారు ఇచ్చిందో అయ్యుండాలి. ఈ మాట ఆమెకు మీవారే చెప్పాలి. ఆయన నోరు విప్పకపోతే ఆ నింద మీ నెత్తినే ఉండిపోతుంది.

ముందు ముగ్గురూ నెల్లూరులోనో ఒంగోలులోనో బ్లడ్ బ్యాంకుకు వెళ్లి మళ్లీ పరీక్ష చేయించుకోండి. డ్రైవింగ్ లైసెన్సు మీది గ్రూపు చాలాసార్లు మనం చెప్పిందే. క్యాంపుల్లో గాజు పలక మీద రక్తపు చుక్కకు మందు కలిపి గడ్డకట్టిందో లేదో చూస్తారు. అంచులు ఆరిపోతే గడ్డలా కనిపిస్తుంది, ఎ బలహీనంగా ఉంటే ఓ లాగా, రక్తాన్ని పాజిటివ్ చేసే డి అనే పదార్థం బలహీనంగా ఉంటే నెగెటివ్‌లా కనిపిస్తుంది. ట్యూబు పద్ధతిలో, రివర్స్ గ్రూపింగ్‌తో (రక్తంలోని ద్రవాన్ని తెలిసిన ఎ, బి కణాలతో కలిపి గ్రూపును సరిచూడటం) సహా చేయమని అడగండి. తల్లిదండ్రుల్లో ఒకరిది ఏబీ అని తేలితే మామూలుగా ఓ గ్రూపు బిడ్డ పుట్టదు. అప్పుడు కూడా 1952లో గుర్తించిన బొంబాయి గ్రూపు (ఎ, బి జన్యువులున్నా పరీక్షలో ఓ లాగా కనిపించే అరుదైన గ్రూపు) ఉందేమో చూడాలి. కార్డు మీది అక్షరం చూసి తండ్రి ఎవరో తేల్చేయకూడదు.

మళ్లీ చూసినా పాపది ఓ నెగెటివ్ అనే వస్తే స్కూల్ రికార్డులో రాయించండి. ఆమెకు ఎక్కించాల్సింది ఓ నెగెటివ్ రక్తమే. పెద్దయ్యాక, భర్త పాజిటివ్ అయితే, గర్భం 28వ వారంలో ఒకసారి, పాజిటివ్ బిడ్డ పుడితే కాన్పయిన 72 గంటల్లోపు మరోసారి యాంటీ-డి ఇంజెక్షన్ (బిడ్డ పాజిటివ్ రక్తానికి తల్లి ఒంట్లో విరుగుడు తయారుకాకుండా ఆపేది) వేయించాలని మీరే గుర్తుంచుకుని చెప్పండి.