మ్యూజిక్‌కీ గేమింగ్‌కీ కలిపి ఏ సౌండ్ కార్డ్ కొనాలి?

తమ్ముడూ, నువ్వు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇది: డెస్క్‌టాప్ ఉంది, రాత్రిళ్ళు వాలరెంట్ ఆడతావు, సాయంత్రాలు కీబోర్డ్ వాయిస్తూ పాడి ఎఫ్ఎల్ స్టూడియో అనే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌లో రికార్డ్ చేసుకుంటావు, సరైన మైక్ ఇంకా లేదు, హెడ్‌ఫోన్స్‌లో ఎప్పుడూ సన్నగా హోరు వస్తోంది, కీ నొక్కిన కాసేపటికి గానీ శబ్దం రావడం లేదు, చేతిలో పది వేలున్నాయి, షాపతను క్యాబినెట్ లోపల బిగించే 7.1 (ఏడు స్పీకర్లు, ఒక సబ్‌ఊఫర్) సౌండ్ కార్డ్ తీసుకోమన్నాడు, తీసుకోనా అని.

ఇప్పుడే తీసుకోవద్దు. సరిగ్గా ఇవే రెండు సమస్యలతో నేనూ అలాంటి కార్డే కొన్నాను, రెండింట్లో ఒక్కటీ తీరలేదు.

అప్పట్లో విజయవాడ సత్యనారాయణపురంలో పాత ఇంట్లో అద్దెకుండేవాడిని. మదర్‌బోర్డ్‌లో వచ్చే సౌండ్ అంటేనే చెత్త అని ఎవర్ని అడిగినా చెప్పేవాళ్ళు. పని మీద హైదరాబాద్ వెళ్ళినప్పుడు సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో ఆరు వేలు పెట్టి, లోపల స్లాట్‌లో బిగించే ఒక పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డ్ కొన్నాను. ఇంటికొచ్చి బిగించి, బయోస్‌లో పాత సౌండ్ ఆపేసి, హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను. అదే హోరు, పిసరంత కూడా తగ్గలేదు. డ్రైవర్లు మార్చాను, కార్డ్‌ని వేరే స్లాట్‌లో పెట్టి చూశాను, చివరికి విండోస్ కూడా మళ్ళీ వేశాను. పది రోజుల తర్వాత ఒక పొద్దున గది తుడిచి ఇంకా తడి ఆరకముందే ఉత్త కాళ్ళతో వెళ్ళి క్యాబినెట్ వెనక కేబుల్ పీకబోతే వేలికి బోల్టు తగిలి జివ్వుమంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే ఆయన కంప్యూటర్ వైపు చూడను కూడా లేదు, నేరుగా స్విచ్‌బోర్డ్ విప్పాడు. లోపల ఎర్ర వైరు, నల్ల వైరు సాకెట్‌కి బిగించి ఉన్నాయి. ఆకుపచ్చ వైరు మాత్రం కొన కూడా చెక్కకుండా చుట్ట చుట్టి ఒక మూలన దోపేసి ఉంది. ఇల్లు కట్టినప్పటి నుంచీ అలాగే ఉందన్నమాట. ఆయన దాన్ని ఎర్త్ పిన్నుకు బిగించి, మెయిన్ దగ్గర ఎర్త్ అందుతోందో లేదో చూసి వెళ్ళాడు. ఆ సాయంత్రం కొత్త కార్డ్ తీసేసి పాత మదర్‌బోర్డ్ జాక్‌లోనే హెడ్‌ఫోన్స్ పెట్టాను. హోరు లేదు.

ఎందుకలా అంటే, కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్‌లో (పవర్ సప్లై డబ్బాలో) కరెంటు లైన్ల నుంచి క్యాబినెట్ ఇనుముకు చిన్న ఫిల్టర్ కెపాసిటర్లు ఉంటాయి, వాటి గుండా వచ్చే కొద్దిపాటి కరెంటు ఎర్త్ ద్వారా భూమిలోకి పోవాలి. ఎర్త్ లేకపోతే క్యాబినెట్ మొత్తం గాల్లో వేలాడినట్టే, ఆ కరెంటు దారి వెతుక్కుని నీ కీబోర్డ్ ఆడియో వైరు గుండానో హెడ్‌ఫోన్ గుండానో పోతుంది, అదే నీకు చెవిలో హోరు. మూడు రంధ్రాల సాకెట్ ఉన్నంత మాత్రాన లోపల ఎర్త్ ఉన్నట్టు కాదు. అందుకే ముందు ఐదు పైసలు ఖర్చు లేని పరీక్షలు రెండు చేయి.

మొదటిది, కాళ్ళకు చెప్పులు వేసుకుని, పొడి నేల మీద నిలబడి, టెస్టర్‌ని క్యాబినెట్ వెనక బోల్టు మీద పెట్టు. లైట్ మినుకుమన్నా ఎర్త్ లేదని అనుమానించాల్సిందే, ఇంకేం కొనకుండా ఎలక్ట్రీషియన్‌ని పిలువు. హోరు పోవాలంటే ప్లగ్ మూడో పిన్ను విరిచెయ్యమనో టూ పిన్ కన్వర్టర్ పెట్టమనో ఎవరైనా చెబితే మాత్రం దయచేసి వినకు, శబ్దం సంగతి ఎలా ఉన్నా అది ప్రాణం మీదకి తెచ్చే పని.

రెండోది, ఏ పాటా పెట్టకుండా వాల్యూమ్ పూర్తిగా పెంచి, మౌస్ కదుపుతూ వెబ్ పేజీ పైకీ కిందకీ జరుపుతూ విను. కదలికకు తగ్గట్టు జిర్‌ర్ జిర్‌ర్ అని మారుతుంటే అది కరెంటు హోరు కాదు, క్యాబినెట్ లోపలి ఎలక్ట్రికల్ నాయిస్. ముందు వైపు జాక్‌కి వచ్చే సన్న వైరు చాలా క్యాబినెట్లలో గ్రాఫిక్స్ కార్డ్ పక్కగానే పోతుంది, నాయిస్ ఎక్కువగా అక్కడే అంటుకుంటుంది. వెనక ఆకుపచ్చ జాక్‌లో పెట్టి చూడు. చాలామందికి సమస్య అక్కడితో సరి. అప్పటికీ వస్తుంటే సౌండ్‌ని క్యాబినెట్ బయటికి తెచ్చుకోవాలి, అంటే యూఎస్‌బీ మీద నడిచేది. నాయిస్ ఉన్న డబ్బాలోనే ఇంకో కార్డ్ బిగించడం నాకు సరైన పనిగా అనిపించదు.

ఇక కీ నొక్కాక శబ్దం ఆలస్యంగా రావడం. ఇది నిన్ను ఎంత విసిగిస్తోందో నాకు తెలుసు, తాళం తప్పుతున్నది నువ్వేనేమో అనిపిస్తుంది, ప్రాక్టీస్ మీదే అనుమానం వస్తుంది. తప్పు నీది కాదు, డ్రైవర్‌ది. సాఫ్ట్‌వేర్ శబ్దాన్ని చిన్న చిన్న మూటలుగా కట్టి పంపిస్తుంది, ఆ మూట సైజునే బఫర్ అంటారు. 48 కిలోహెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 48 వేల శాంపిల్స్ (శబ్దపు కొలతలు) ఉన్నప్పుడు, 1024 శాంపిల్స్ బఫర్ అంటే అక్కడికే 21 మిల్లీసెకన్లు, 128 పెడితే మూడు కూడా కాదు. దాని మీద డ్రైవర్ ఆలస్యం, యూఎస్‌బీ ఆలస్యం కలుస్తాయి. గాల్లో శబ్దం ఒక మిల్లీసెకనుకు 34 సెంటీమీటర్లు పోతుంది కాబట్టి, మొత్తం ఆలస్యం పది మిల్లీసెకన్లంటే స్పీకర్‌కి మూడున్నర మీటర్ల దూరంలో కూర్చుని వాయించినట్టు, అది చేతికి అలవాటైపోతుంది. యాభై, అరవై అయితే వాయించలేం. మామూలు విండోస్ దారిలో బఫర్ అంత చిన్నగా పెడితే శబ్దం చిటపటలాడి తెగిపోతుంది. అందుకని స్టైన్‌బర్గ్ కంపెనీ ఏసియో అనే డ్రైవర్ పద్ధతి తెచ్చింది, అందులో శబ్దం ఆ విండోస్ దారిని తప్పించుకుని నేరుగా కార్డ్‌కి వెళ్తుంది. మ్యూజిక్ కోసం చేసిన ఆడియో ఇంటర్‌ఫేస్‌లకు (మైక్, కీబోర్డ్ గుచ్చుకుని యూఎస్‌బీతో కంప్యూటర్‌కి కలిపే డబ్బాలకు) సొంత ఏసియో డ్రైవర్ ఉండటమే వాటికీ గేమింగ్ కార్డులకీ అసలు తేడా, డబ్బా మీద రాసిన 192 కిలోహెర్ట్జ్, 130 డెసిబెల్స్ (పాటకీ హోరుకీ మధ్య తేడా) కాదు. రియల్‌టెక్ ఏఎల్‌సీ 1220 చిప్ ఉన్న మదర్‌బోర్డులకే కాగితం మీద 120 డెసిబెల్స్ రాసి ఉంటుంది, సీడీకి కావాల్సింది 96 మాత్రమే.

కొనే ముందు, మామూలు సౌండ్‌నే ఏసియోలా వాడనిచ్చే ఏసియో4ఆల్ అనేది ఉచితంగా దొరుకుతుంది, వేసి చూడు. నేను దాని మీదే ఆరు నెలలు లాక్కొచ్చాను. పాడటం లేకుండా కీబోర్డ్‌ని మిడి కంట్రోలర్‌లా (శబ్దం కాకుండా ఏ కీ నొక్కారో మాత్రమే కంప్యూటర్‌కి చెప్పేలా) వాడుకునేవాళ్ళకైతే అదే చాలు. నీ కీబోర్డ్ వెనక యూఎస్‌బీ టు హోస్ట్ పోర్ట్ ఉంటే ఆ కేబుల్ పెట్టు, అయితే చాలా మోడళ్ళలో దాని గుండా మిడి మాత్రమే వస్తుంది, కీబోర్డ్ సొంత శబ్దాలు కావాలంటే వెనక లైన్ అవుట్‌నో హెడ్‌ఫోన్ జాక్‌నో ఇంటర్‌ఫేస్‌కి కలపాలి.

గేమింగ్ విషయం త్వరగా చెప్పేస్తాను. గేములకు సౌండ్ కార్డ్ తప్పనిసరి అన్న మాట ఒకప్పుడు నిజమే. 1989లో సింగపూర్ క్రియేటివ్ వాళ్ళ సౌండ్ బ్లాస్టర్ వచ్చినప్పుడు పీసీ నుంచి బీప్ తప్ప పెద్దగా ఏమీ వచ్చేది కాదు, ఆ తర్వాత ఈఏఎక్స్ లాంటి ఎఫెక్టులు కార్డ్ మీదే నడిచేవి. 2007లో విస్టా వచ్చి గేముల శబ్దం నేరుగా కార్డ్ హార్డ్‌వేర్‌కి వెళ్ళే దారి మూసేసింది. ఇప్పుడు ఆ లెక్కంతా గేమ్ ఇంజనే ప్రాసెసర్ మీద చేసుకుంటుంది. వాలరెంట్ ఆడియో సెట్టింగ్స్‌లో హెచ్‌ఆర్‌టీఎఫ్ అని ఉంటుంది చూడు, శబ్దం ఏ వైపు నుంచి వస్తోందో హెడ్‌ఫోన్స్‌లోనే తెలిసేలా చేసేది, అది ఆన్ చేసి, హెడ్‌సెట్ సాఫ్ట్‌వేర్‌లో 7.1, విండోస్ సోనిక్ లాంటివన్నీ ఆపెయ్. రెండూ ఒకదాని మీద ఒకటి పడితే అడుగుల చప్పుడు ఎడమ వెనకో కుడి వెనకో తేలదు. మనకున్నవి రెండు చెవులు, హెడ్‌ఫోన్‌కి మంచి స్టీరియో చాలు. 5.1 స్పీకర్లు సెట్‌గా ఉన్నవాళ్ళ సంగతి వేరు, వాళ్ళకి ఇంటర్‌ఫేస్ పనికిరాదు, మదర్‌బోర్డ్ వెనకున్న జాకులనో లోపలి కార్డునో వాడుకోవాలి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ మాత్రం ఈ రెండు పనులకీ వద్దు, ఆలస్యం ఎక్కువ, పైగా మైక్ ఆన్ చేస్తే చాలావాటిలో పాట కూడా ఫోన్ కాల్‌లా వినిపిస్తుంది.

మరి పది వేలకి ఏం కొనాలి? నేనైతే చిన్న రెండు ఇన్‌పుట్ల ఇంటర్‌ఫేస్ ఒకటి, మిగిలిందాంతో హెడ్‌ఫోన్స్. నేను ఇప్పుడు వాడుతున్నది ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలో, మైక్ ఒక దాంట్లో, కీబోర్డ్ మోనోగా ఇంకో దాంట్లో. కీబోర్డ్ స్టీరియోలో కావాలి, మైక్ కూడా అదే సమయంలో కావాలి అంటే మూడు ఇన్‌పుట్లు అవుతాయి, నాలుగు ఇన్‌పుట్లది చూసుకోవాలి. కొత్తది బడ్జెట్‌లో రాకపోతే వాడినది తీసుకో, నాబ్ తిప్పుతుంటే కరకర వస్తోందా, యూఎస్‌బీ కేబుల్ అటూ ఇటూ ఊపితే కనెక్షన్ పోతోందా అని అక్కడే చూసుకో. బెహ్రింజర్‌లో యూఎం2 చవక, కానీ దానికి సొంత ఏసియో డ్రైవర్ లేదు, ఏసియో4ఆల్‌తోనే నడపాలి. కొంచెం ఎక్కువైనా యూఎంసీ202హెచ్‌డీ మేలు. 250 ఓమ్స్ హెడ్‌ఫోన్ ఆశపడకు, ఈ చిన్న ఇంటర్‌ఫేస్‌లు దాన్ని గట్టిగా వినిపించలేవు. ముప్పై నుంచి అరవై ఓమ్స్ మధ్య, చెవిని పూర్తిగా మూసేది తీసుకో, లేకపోతే పాడేటప్పుడు ట్రాక్ శబ్దం బయటికొచ్చి మైక్‌లో పడుతుంది.

సరైన మైక్ ఇంకా లేదన్నావు కదా, దూరపు చిన్న శబ్దాలు కూడా పట్టేసే కండెన్సర్ మైక్ మీదకి దూకకు. దానికి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ కావాలి, అది ఇంటర్‌ఫేస్ ఇస్తుంది, సమస్య అది కాదు. మే నెలలో ఫ్యాన్ ఆపి పాడగలవా? నేను రెండు పాటలకే తడిసి ముద్దయ్యాను. ఫ్యాన్ గాలి, పక్కింటి కుక్కర్, వీధిలో కూరగాయల బండి మైక్, అన్నీ రికార్డింగ్‌లో ఉన్నాయి. డైనమిక్ మైక్ నోటికి నాలుగు వేళ్ళ దూరంలో పెట్టుకుని పాడితే ఇవి చాలావరకు తగ్గుతాయి. పాడేటప్పుడు ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటర్ ఆన్ చేసి, ఎఫ్ఎల్‌లో మైక్ వినిపించకుండా చేసుకో, నీ గొంతు నీకు ఆలస్యం లేకుండా వినిపిస్తుంది.

కొన్నాక కంగారు పెట్టేవి రెండున్నాయి, ముందే చెబుతున్నా. ఎఫ్ఎల్ తెరవగానే గేమ్ సౌండ్ పోవడమో, శబ్దం వింతగా సాగడమో జరిగితే, విండోస్ సౌండ్ సెట్టింగ్‌లో, ఎఫ్ఎల్‌లో, ఇంటర్‌ఫేస్ ప్యానెల్‌లో మూడు చోట్లా 48000 పెట్టు, వేర్వేరుగా ఉంటే అవి కొట్టుకుంటాయి. రెండోది, ఓబీఎస్‌లో (గేమ్ రికార్డ్ చేసే, స్ట్రీమ్ చేసే సాఫ్ట్‌వేర్‌లో) నీ గొంతు ఎడమ చెవికే వస్తే మైక్ పాడవలేదు, మొదటి ఇన్‌పుట్‌ని అది ఎడమ చానెల్ అనుకుంటోంది, అడ్వాన్స్‌డ్ ఆడియోలో మోనో టిక్ పెట్టు.

ఈ రాత్రికి ఆ రెండు పరీక్షలు చేసి, వచ్చేది ఆగకుండా ఒకే తీరున హోరా, మౌస్‌తో మారే జిర్‌రా, వెనక జాక్‌లో ఎలా ఉందో ఇక్కడే రాయి. మదర్‌బోర్డ్ మోడల్, నీ కీబోర్డ్ మోడల్ కూడా పెట్టు, ఏ కేబుల్ కావాలో చెప్తాను.