మృతకణాలు రాలడం కళ్ళతో చూడమన్న మాటకు అనుమతి ఉందా?

ముఖానికి రాసే జెల్ డబ్బా మీద "మృతకణాలు ఉండలుగా రాలడం మీ కళ్ళతోనే చూడండి" అని ముద్రించారనీ, దానికి ప్రభుత్వ ఆమోదం ఉంటుందా అనీ అడిగారు. ఉండదు. కాస్మెటిక్స్ తయారీకి రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారులు ఇచ్చే లైసెన్సు తయారీకే తప్ప, లేబుల్ మీది ప్రతి గొప్పకూ కాదు. అయితే వినియోగదారును తప్పుదోవ పట్టించే భావం కలిగించకూడదని 2020 నాటి కాస్మెటిక్స్ నియమాలు స్పష్టంగానే చెబుతున్నాయి.

గుంటూరు బ్రాడీపేటలో 18 ఏళ్ళుగా మందుల షాపు నడుపుతున్న నేను, సరిగ్గా అలాంటి జెల్‌నే కొంతకాలం అమ్మాను. మా మరదలు దాన్ని రుద్దుకుని, తెల్లటి ఉండలు రాలుతుంటే చర్మం మీది మురికంతా పోతోందని మురిసిపోయింది. నాకెందుకో అనుమానం వచ్చి, శుభ్రంగా కడిగి తుడిచిన స్టీలు పళ్ళెం మీద అదే జెల్ వేసి రుద్దితే, అవే ఉండలు వచ్చాయి. పళ్ళానికి మృతకణాలెక్కడివి? పదార్థాల జాబితాలో ఉన్న కార్బొమర్ అనే జిగురు, రాపిడికి ఉండకట్టడమే అదంతా. ముఖం మీద రుద్దినప్పుడు కొంత పొట్టు కూడా అందులో కలవవచ్చు, కాదనను. కానీ కంటికి కనిపించేదంతా చర్మమేనని నమ్మించడం మోసం. (పండగకు పెట్టుకునే నలుగుపిండి ఇన్ని మాటలు ఏనాడూ చెప్పలేదు.)

మృతకణాలను వదులు చేసి పోగొట్టే సాలిసిలిక్, గ్లైకోలిక్ ఆమ్లాలున్న జెల్‌లు, క్రీములతో చిక్కు వేరు. లేబుల్ మీది జాబితాలో ఒక శాతానికి మించిన పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువ వరుసలో రాయాలి, అంతకు తక్కువైనవి ఏ వరుసలోనైనా రాయవచ్చు. ప్రమాదకరమైనవైతే తప్ప శాతం చెప్పనక్కర్లేదు కాబట్టి, డబ్బా ముందు పెద్దక్షరాల్లో ఉన్న ఆమ్లం లోపల నామమాత్రంగానే ఉన్నా మనకు తెలియదు. పేరు ముందు వేసుకున్నప్పుడు శాతం కూడా పక్కనే వేయాలన్న నిబంధన రావాలని నా అభిప్రాయం. గ్లైకోలిక్ లాంటి ఆమ్లాలున్న ఉత్పత్తుల మీద, వాటివల్ల చర్మం ఎండకు త్వరగా కమలవచ్చన్న హెచ్చరిక ఉండాలని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ (ఎఫ్‌డీఏ) 2005లోనే సూచించింది. మన మే నెల ఎండలకు అది మరింత అవసరం.

2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లేబుల్ కూడా ప్రకటన కిందికే వస్తుంది, కాబట్టి తప్పుడు లేబుల్‌పై కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 10 లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. బిల్లు, డబ్బా ఫోటోలు, వీలైతే పళ్ళెం మీద రుద్దిన వీడియో దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోన్ చేయండి.

నేను ఆ జెల్ అమ్మడం మానేశాను. అడిగినవారికి పళ్ళెం మీద రుద్ది చూపిస్తుంటాను. అది చూశాక కూడా కొందరు ఎదుటి ఫ్యాన్సీ షాపుకు వెళ్ళి అదే కొంటున్నారు.