క్లీన్, స్నాచ్ చేస్తున్నా కండ పెరగడం లేదా?

తమ్ముడూ, ఆరు నెలలుగా పెరట్లో ఒక్కడివే క్లీన్ (బరువుల బార్‌ని నేల నుంచి భుజాల మీదకు లేపడం), స్నాచ్ (నేల నుంచి ఒకే ఊపులో తలపైకి లేపడం) చేస్తున్నా కండ రావడం లేదు, ఆసక్తీ తగ్గుతోంది అన్నావు. టెన్షన్ పడకు. ఈ లిఫ్టుల్లో బార్ పైకెత్తి కింద పడేస్తాం, నెమ్మదిగా దించే పని కండకు దాదాపు ఉండదు. అందుకే పవర్ క్లీన్ (పూర్తిగా కూర్చోకుండా బార్‌ని భుజాల మీద అందుకునే క్లీన్) 3 రెప్స్ (సార్లు) చొప్పున 5 సెట్లు అయ్యాక ఫ్రంట్ స్క్వాట్ (బార్‌ని భుజాల ముందు పెట్టుకుని గుంజీలు), రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ (బార్ చేతుల్లో పట్టుకుని, నడుం నిటారుగా ఉంచి, తుంటి వెనక్కి నెడుతూ వంగి లేవడం) ఒక్కోటి 8 రెప్స్ చొప్పున 3 సెట్లు చెయ్యి. దించేటప్పుడు మూడు లెక్కపెట్టు. గుడ్లు, పప్పు పెంచు.

ఒంటరిగా చేసేటప్పుడు నన్ను నిలబెట్టింది ఫోన్ వీడియో. పక్క నుంచి తీసి పోయిన వారం దానితో పోల్చు. బరువు పెరగకపోయినా బార్ ఒంటికి దగ్గరగా లేస్తోందంటే అది ముందడుగే. మన శ్రీకాకుళం వెయిట్‌లిఫ్టర్ కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 110 కిలోల స్నాచ్, 130 కిలోల క్లీన్ అండ్ జర్క్ (క్లీన్ చేశాక భుజాల నుంచి తలపైకి నెట్టడం) చేసి కాంస్యం గెలిచిన వీడియో కూడా చూడు, నాకైతే వెంటనే బార్ పట్టుకోవాలనిపిస్తుంది. లిఫ్ట్ తప్పితే మాత్రం బార్ వదిలేసి, అది ముందు పడుతుంటే వెనక్కి, వెనక పడుతుంటే ముందుకు జరుగు.