పదును అంటే తడా, వాడియా?

సందేహం: మా ముత్తాత నాటి వేట బాణాల ములుకులు ఆరు అటక మీద దొరికాయి. ఉప్పుకాయితంతో తుప్పు గీకి, సానరాయి మీద అంచులు నూరి, నూనె పట్టించాను. పెట్టె మీద ‘తుప్పు వదిలించి పదును పెట్టినవి’ అని రాశాను. సేద్యం చేసే మా మామ చూసి, ‘పదునంటే తడి గదా! తడి పెడితే ఇనుము తుప్పు పట్టదా?’ అన్నాడు. నేను రాసింది తప్పా?
– ఒక పాఠకుడు, శ్రీకాళహస్తి

సమాధానం: మీ మామగారిది కొట్టిపారేసే ప్రశ్న కాదు. మన చిత్తూరు మెట్టచేలల్లో వాన వెలిశాక రైతు పిడికెడు మట్టి తీసి నలిపి చూస్తాడు. చేతికి బంకగా అంటుకుంటే ఆగుతాడు. ఉండకట్టి, వదిలితే పొడిగా రాలితే ‘పదునుగా ఉండాది, సెనక్కాయ ఏసేయొచ్చు’ అంటాడు. మడిలో నిలిచిన నీళ్ళను ఎవరూ పదును అనరు. విత్తనానికి సరిపడిన తడే పదును.

ఇక కొలిమి దగ్గరికి రండి. కమ్మరి ఉక్కు ములికిని ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచుతాడు. అది గట్టిపడుతుంది, పెళుసూ అవుతుంది. మళ్ళీ సన్నని సెగన కాచి ఆ పెళుసు తీస్తాడు. సెగ ఎక్కువైతే మెత్తబడి అంచు నిలవదు, తక్కువైతే ఎముకకు తగలగానే విరుగుతుంది. ఆ రెంటి నడుమ చిక్కే స్థితికి పదను అని పేరు. పదును అన్నా పదను అన్నా మాట ఒకటే. తమిళుల ‘పదం’, కన్నడిగుల ‘హద’ దీని తోబుట్టువులే. పాలు కన్నడంలో హాలు అయినట్టే పకారం హకారమైంది. మూడు భాషల్లోనూ మూలార్థం ఒకటే: తగిన స్థితి. ‘అదనూ పదనూ చూసి’ అని పెద్దలు జంటగా వాడింది ఇందుకే. అదను కాలానికి, పదను వస్తువుకు. వాడి అనే అర్థం కొలిమిలోంచే వచ్చిందని నా నమ్మకం.

కాళహస్తివారు కాబట్టి తిన్నణ్ణి తలవకుండా ఉండలేను. ధూర్జటి చేతిలో ఆ వేటగాడి కథ ఎన్నిసార్లు చదివినా నాకు తనివి తీరదు. మాంసం కాల్చి, కొరికి చూసి, రుచిగా కాలిన ముక్కలే శివుడికి పెట్టాడు కన్నప్ప. విల్లు పట్టే చేతికి వంట పదనూ తెలుసు. మీ గుడి పక్క కొండెక్కి కన్నప్పను చూసినప్పుడల్లా నాకు ఈ మాటే గుర్తొస్తుంది.

ఇంత నిండైన మాటను ఈనాటి పత్రికలు అరగదీస్తున్నాయి. ‘వ్యూహాలకు పదును’, ‘విమర్శలకు పదును’, ‘దర్యాప్తుకు మరింత పదును’! వాడి, చురుకు, జోరు అనే మాటలు ఏమైపోయాయి? పిల్లలకు పదును అంటే కత్తి అంచు ఒక్కటే మిగులుతోంది. చేను మరుగున పడుతోంది. ఇది నాకు నిజంగా బాధ.

మీ విషయానికొస్తే, మీరు చేసింది నూరడం. ‘తుప్పు వదిలించి నూరినవి’ అంటే నిక్కచ్చిగా ఉంటుంది. అయితే అంచు తీర్చడాన్ని పదును పెట్టడం అని జనం ఎన్నాళ్ళుగానో అంటున్నారు. దాన్ని తప్పని కొట్టేయడానికి నా కలం సాగదు. తుప్పు పాత రూపం త్రుప్పు, మలయాళంలో తురుంబు. చిలుము రాగికీ ఇత్తడికీ పట్టేది. ఇనుముకు కూడా ఆ మాట వాడేవాళ్ళు లేకపోలేదు.

ఒక్క మాట చెప్పాలి. మిగిలిన తుప్పు పోతుందని ఎవరైనా చెప్పినా ములుకుల్ని మళ్ళీ ఎర్రగా కాల్పించకండి, పాత కమ్మరి పెట్టిన పదను దిగిపోతుంది. చేతి చెమటలో ఉప్పుంటుంది, తాకినచోటల్లా తుప్పు మొలుస్తుంది. ఉప్పుకాయితంలో మాత్రం ఉప్పు లేదు, పేరుకే ఉప్పు. తోలు సంచిలో పెట్టకండి, తోలు తేమను పట్టి ఉంచుతుంది. పొడిగుడ్డతో తుడిచి, పలచగా నూనె రాసి, నూనెగుడ్డలో చుట్టండి. మన వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ముసురు, ఆ నెలల్లో ఒకటి రెండు సార్లు విప్పి చూసుకోండి.